సౌందర్య సాధనాల మీది ‘సహజ’, ‘సేంద్రియ’ ముద్రలు: ఏ ముద్ర దేనికి హామీ?

ఒంగోలు ఉపాధ్యాయిని

సభ్యులందరికీ నమస్కారం. మా చెల్లెలి కూతురి పెళ్లి సారెలో పెట్టడానికి కిందటి వారం ఒంగోలులోని ఒక దుకాణంలో నాలుగు వస్తువులు కొన్నాను. ఒకటి ముఖానికి రాసుకునే క్రీము, రెండోది అదే కంపెనీ షాంపూ, మూడోది కొబ్బరినూనె, నాలుగోది గోరింటాకు పొడి. నాలుగింటి మీదా ‘సహజం’ అనో ‘ఆర్గానిక్’ అనో రాసి ఉంది గానీ, ఒకదాని మీద ఉన్న ముద్ర మరొకదాని మీద లేదు. క్రీము పెట్టె మీద ‘ఎకోసర్ట్’ అనీ దాని కింద ‘కాస్మాస్ ఆర్గానిక్’ అనీ ఉంది. షాంపూ మీద ఆకుపచ్చని ఆకు బొమ్మ, ‘98 శాతం సహజ మూలం’ అనే మాట ఉన్నాయి. కొబ్బరినూనె సీసా మీద ‘జైవిక్ భారత్’ గుర్తు ఉంది. గోరింటాకు పొడి మీద చదరంలో ఆకుపచ్చ చుక్క, పక్కనే ‘కెమికల్ ఫ్రీ’ అన్న అక్షరాలు కనిపించాయి. దుకాణంలోని అబ్బాయిని అడిగితే అన్నీ ఒకటేనని చెప్పాడు.

నేను ఇంతగా పట్టించుకోవడానికి కారణం ఉంది. నిరుడు మా అమ్మాయి ‘హెర్బల్’ అని రాసి ఉన్న జుట్టు రంగును నమ్మి వాడితే, రెండో రోజుకు కనురెప్పలు వాచి కళ్లు తెరవలేకపోయింది, పది రోజులు మందులు వాడవలసి వచ్చింది. చర్మవైద్యురాలు ఆ పెట్టె తెప్పించుకుని, వెనుకవైపు చిన్న అక్షరాల్లో ఉన్న పారాఫినైలిన్ డయమిన్ అనే రసాయనాన్ని చూపించారు. ముందువైపున్న ఆకుల బొమ్మలు మాత్రమే చూసిన నాకు ఆ రోజు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు. కాబట్టి ఈ ముద్రల్లో ఏది ఎవరు ఇస్తారో, దేన్ని పరీక్షించి ఇస్తారో తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

నెల్లూరు ఫార్మసిస్టు

అమ్మా, మన దేశపు చట్టానికి సంబంధించినంతవరకు నేను చెబుతాను, విదేశీ ముద్రల సంగతి తెలిసినవారు చెబుతారు.

ముందుగా గోరింటాకు పొడి మీది ఆకుపచ్చ చుక్క. అది శాకాహార మూలం గల సరుకు అని మాత్రమే చెబుతుంది. జంతు సంబంధమైన పదార్థం ఉంటే ఎరుపు లేదా గోధుమ రంగు చుక్క పెడతారు. ఆ మొక్కను ఎరువుల మందులతో పెంచారా లేదా, పొడిలో మరేదైనా రసాయనం కలిపారా అన్న ప్రశ్నలకు ఆ చుక్కలో సమాధానం లేదు. నా దుకాణానికి వచ్చేవారిలో చాలామంది ఆ చుక్కను చూసి ‘ఆర్గానిక్’ అనుకోవడం నేను రోజూ గమనిస్తున్నాను.

మన సౌందర్య సాధనాలకు 1940 నాటి ఔషధాల, సౌందర్య సాధనాల చట్టం, దాని కింద వచ్చిన 2020 సౌందర్య సాధనాల నియమాలు వర్తిస్తాయి. వాటి ప్రకారం లేబుల్ మీద తయారీదారు పేరు, చిరునామా, తయారీ లైసెన్సు సంఖ్య, బ్యాచ్ సంఖ్య, ఏ తేదీలోగా వాడాలన్న వివరం, పదార్థాల జాబితా ఉండాలి. విదేశాల నుంచి వచ్చిన సరుకైతే కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ ఇచ్చిన రిజిస్ట్రేషన్ సంఖ్య ఉండాలి. అయితే ఈ నియమాల్లో ‘సేంద్రియ సౌందర్య సాధనం’ అంటే ఇది అని చెప్పే నిర్వచనం లేదు, ‘సహజం’ అన్న మాటకూ లేదు. కొనేవారిని తప్పుదారి పట్టించే మాటలు రాయకూడదన్న సాధారణ నిషేధం మాత్రం ఉంది. కాబట్టి లైసెన్సు సంఖ్య ఉంటే ఆ సరుకు చట్టబద్ధంగా తయారైందని తెలుస్తుందే గానీ, అది సేంద్రియమని తెలియదు.

పదార్థాల జాబితాను చదవడం అందరూ నేర్చుకోవలసిన విషయం. ఒక శాతానికి మించి ఉన్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలి, ఒక శాతం లోపు ఉన్నవాటిని ఆ తరువాత ఏ వరుసలోనైనా రాయవచ్చు. ఫినాక్సీ ఇథనాల్ అనే నిల్వ పదార్థాన్ని సాధారణంగా ఒక శాతానికి మించి వాడరు. అందువల్ల దాని తరువాత కుంకుమపువ్వు, చందనం, కలబంద అని ఎన్ని పేర్లు కనిపించినా, అవి ఒక్కొక్కటీ ఒక శాతానికి మించి ఉండవని మీరు గ్రహించవచ్చు. పెట్టె ముందువైపు నిండా కుంకుమపువ్వు బొమ్మ వేసి, జాబితాలో దాన్ని చివరన పెట్టిన క్రీములు నా అల్మారాలోనే ఉన్నాయి.

గోరింటాకు విషయంలో మీ అమ్మాయి అనుభవం చాలా ముఖ్యమైనది. పారాఫినైలిన్ డయమిన్ ఉన్న జుట్టు రంగుల మీద, కొందరికి చర్మం మండవచ్చుననీ, ముందుగా కొద్దిగా రాసి పరీక్షించుకోవాలనీ, కనుబొమలకూ కనురెప్పల వెంట్రుకలకూ వాడకూడదనీ హెచ్చరిక ముద్రించాలని నియమం ఉంది. అచ్చమైన గోరింటాకు రంగు ఎరుపుతో కూడిన నారింజ ఛాయలో ఉంటుంది, పట్టడానికి గంటలు పడుతుంది. అరగంటలోపే నల్లగా మారుస్తానన్న ‘గోరింటాకు’ ఏదైనా సరే, వెనుకవైపు చదవనిదే కొనవద్దు.

దర్శి రైతు

అయ్యా, ‘జైవిక్ భారత్’ గురించి నేను చెబుతాను. మాకు దర్శి దగ్గర కొద్దిగా మెట్ట భూమి ఉంది, కొన్నేళ్లుగా ప్రకృతి వ్యవసాయం చేస్తున్నాము.

జైవిక్ భారత్ గుర్తు ఆహార భద్రతా ప్రమాణాల సంస్థది. 2017లో వచ్చిన సేంద్రియ ఆహార నిబంధనల ప్రకారం దాన్ని సేంద్రియ ఆహార పదార్థాల మీద వాడతారు. దానికి ఆధారంగా రెండు పద్ధతులు ఉన్నాయి. ఒకటి వ్యవసాయ ఎగుమతులను చూసే కేంద్ర సంస్థ అపెడా నడిపే జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం, దీనిలో బయటి ధ్రువీకరణ సంస్థ వచ్చి పొలాన్ని తనిఖీ చేస్తుంది, ‘ఇండియా ఆర్గానిక్’ అనే ముద్ర దీనిదే. రెండోది పీజీఎస్ ఇండియా, దీనిలో రైతులు గుంపుగా ఏర్పడి ఒకరి పొలాన్ని ఒకరు పరిశీలించి హామీ ఇచ్చుకుంటారు. మొదటి పద్ధతిలో ఏడాది పంటలకు రెండేళ్లు, నిమ్మ వంటి బహువార్షిక తోటలకు మూడేళ్లు మార్పిడి కాలం, అంటే ధ్రువపత్రానికి ముందు సేంద్రియ పద్ధతిలోనే సాగు చేయవలసిన గడువు, పూర్తి కావాలి.

మరి కొబ్బరినూనె మీద ఆహారపు గుర్తు ఎందుకుందని అక్కయ్యగారికి అనుమానం రావచ్చు. మనం తలకు రాసుకున్నా, ఆ సీసాను వంటనూనెగానే అమ్ముతూ ఉండవచ్చు. చిన్న సీసాల్లో అమ్మే శుద్ధమైన కొబ్బరినూనెను, తలనూనె అని ప్రత్యేకంగా చెప్పనంతవరకు, పన్ను విషయంలో వంటనూనెగానే చూడాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో తీర్పు ఇచ్చింది. కాబట్టి ఆ సీసా మీద గుర్తు ఉండటంలో తప్పేమీ లేదు. అదే గుర్తు క్రీము మీదో సబ్బు మీదో కనిపిస్తే అప్పుడు నిలదీయాలి.

ఇంకొక మాట చెప్పకుండా ఉండలేను. మా జిల్లాలో ‘ప్రకృతి వ్యవసాయం’, ‘సేంద్రియం’ అనే రెండు మాటలనూ ఒకటిగా వాడేస్తున్నారు. రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో 2016 నుంచి ప్రకృతి వ్యవసాయం నడుస్తోంది, మేమూ అందులోనివారమే, ఘనజీవామృతంతోనే పంట తీస్తున్నాము. కానీ పద్ధతి పాటించడం వేరు, దానికి ధ్రువపత్రం పొందడం వేరు. మా కలబందను ఒక వ్యాపారి కొనుక్కుపోయి, ఏ ధ్రువపత్రమూ లేకుండానే తన జెల్లు మీద ‘సర్టిఫైడ్ ఆర్గానిక్’ అని వేసుకున్నాడని తెలిసినప్పుడు, నిజాయతీగా పండించిన మాకు కూడా అవమానంగా అనిపించింది.

విశ్రాంత తనిఖీదారు, నెల్లూరు

సౌందర్య సాధనాల ముడి పదార్థాల తనిఖీలో చాలాకాలం పనిచేసి, ఇప్పుడు నెల్లూరులో స్థిరపడ్డాను. క్రీము మీద ఉన్న ముద్ర గురించి కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఎందుకంటే ఉపాధ్యాయిని గారు కొన్న నాలుగింటిలో సౌందర్య సాధనాల కోసమే పుట్టిన ప్రమాణం అదొక్కటే.

ఐరోపాలో ఐదు సంస్థలు, అంటే జర్మనీకి చెందిన బీడీఐహెచ్, ఫ్రాన్సుకు చెందిన కాస్మెబియో, ఎకోసర్ట్, ఇటలీకి చెందిన ఐసీఈఏ, బ్రిటనుకు చెందిన సాయిల్ అసోసియేషన్, ఒక్కొక్కటీ తమ సొంత ప్రమాణాలతో ముద్రలు ఇస్తూ ఉండేవి. కొనేవారికి అయోమయం తగ్గించడానికి అవన్నీ కలిసి కాస్మాస్ అనే ఉమ్మడి ప్రమాణాన్ని రూపొందించి, 2010లో బ్రస్సెల్స్ కేంద్రంగా ఒక సంఘాన్ని ఏర్పాటు చేశాయి. 2017 నుంచి ఆ సంస్థలు కొత్త సరుకులను ఈ ఉమ్మడి ప్రమాణం కిందే ధ్రువీకరిస్తున్నాయి. ఎకోసర్ట్ పేరు, కాస్మాస్ పేరు పక్కపక్కన కనిపించడానికి కారణం ఇదే. తనిఖీ చేసింది ఒకరు, ఏ కొలబద్దతో చేశారన్నది మరొకటి.

ఇందులో రెండు స్థాయులు ఉన్నాయి, వీటి మధ్య తేడా చాలా పెద్దది. ‘కాస్మాస్ నేచురల్’ అంటే పదార్థాల మూలం, వాటిని శుద్ధి చేసిన పద్ధతి, నిల్వ పదార్థాలు, ప్యాకింగు వంటివన్నీ ప్రమాణానికి లోబడి ఉన్నాయని అర్థం, కానీ అందులో సేంద్రియ పదార్థం ఇంత ఉండాలన్న కనీస పరిమితి లేదు. ‘కాస్మాస్ ఆర్గానిక్’ అంటే, భౌతిక పద్ధతుల్లో మాత్రమే సిద్ధం చేసిన వ్యవసాయ పదార్థాల్లో, అంటే గానుగ ఆడిన నూనెలు, ఎండబెట్టి దంచిన పొడులు, నానబెట్టి తీసిన సారాలు వంటివాటిలో, కనీసం 95 శాతం ధ్రువీకరించిన సేంద్రియమై ఉండాలి. దానితోపాటు మొత్తం సరుకు బరువులో కనీసం 20 శాతం సేంద్రియ పదార్థం ఉండాలి. షాంపూ వంటి కడిగివేసే సరుకులకు ఈ రెండో పరిమితి 10 శాతం. మొత్తం మీద ఎంత శాతం సేంద్రియమో పెట్టె మీద ముద్రించాలి, కాబట్టి మీ క్రీము పెట్టె మీద ఆ సంఖ్య కోసం తప్పక వెతకండి.

ఏవి వాడకూడదన్నది కూడా తెలుసుకోదగినదే. పెట్రోలియం నుంచి తీసిన మినరల్ ఆయిల్, సిలికోన్లు, పారాబెన్లు అనే నిల్వ పదార్థాలు, ఇందాక ఫార్మసిస్టు గారు చెప్పిన ఫినాక్సీ ఇథనాల్, జన్యుమార్పిడి పంటల నుంచి వచ్చినవి, కృత్రిమ సువాసనలు ఇందులో చెల్లవు. షాంపూల్లో నురుగు కోసం వాడే సోడియం లారెత్ సల్ఫేట్ తయారీలో ఇథాక్సిలేషన్ అనే ప్రక్రియ ఉంటుంది గనుక అదీ చెల్లదు. నిల్వ కోసం బెంజోయిక్ ఆమ్లం, సోర్బిక్ ఆమ్లం, బెంజైల్ ఆల్కహాల్ వంటి కొన్నింటిని మాత్రమే అనుమతిస్తారు. అందువల్ల ఒక లేబుల్ ముందువైపు ‘ఆర్గానిక్’ అని ఉండి, వెనుకవైపు ఫినాక్సీ ఇథనాల్ కనిపిస్తే, ఆ సరుకుకు కాస్మాస్ ముద్ర ఉండే అవకాశమే లేదు. అంతమాత్రాన ఆ క్రీము హానికరమని నేను అనడం లేదు. చట్టం అనుమతించిన పదార్థం అది. దాని మీద ముద్రించిన మాటకూ లోపలి సరుకుకూ పొంతన లేదని మాత్రమే అంటున్నాను.

ఇలాంటిదే మరొక ముద్ర నాట్రూ. ఆ సంఘం 2007లో ఏర్పడింది. దాని నియమాల్లో నాకు బాగా నచ్చినది ఒకటి ఉంది. ఒక బ్రాండు పేరుతో వచ్చే సరుకుల్లో కనీసం 75 శాతం ధ్రువీకరణ పొందితేనే, ఆ బ్రాండు వారు ఆ ముద్రను వాడుకోగలరు. ఒక్క క్రీమును ఆర్గానిక్‌గా తయారుచేసి, ఆ పేరు మీద మిగతా సరుకంతా అమ్ముకునే ఎత్తుగడకు అది అడ్డుకట్ట వేస్తుంది.

అమెరికా వ్యవసాయ శాఖ వారి ‘యూఎస్‌డీఏ ఆర్గానిక్’ ముద్ర మొదట ఆహారం కోసం వచ్చినదే అయినా, అదే నియమాలకు సరిపోయే సౌందర్య సాధనాల మీద కూడా వేసుకోవచ్చు. నీటినీ ఉప్పునూ మినహాయించి మిగిలినదానిలో 95 శాతమైనా సేంద్రియమైతేనే ఆ ముద్ర లభిస్తుంది. నూనెలకు, లేపనాలకు ఇది సులువు, నురుగు వచ్చే షాంపూలకు చాలా కష్టం.

కావలి గృహిణి

పెద్దవారు చెప్పినదంతా శ్రద్ధగా చదివాను. అయితే ఒక సందేహం మిగిలింది. ‘ఆర్గానిక్’ అన్న పేరు పెట్టి 20 శాతమే చాలంటే అది మోసం కాదా? మరోవైపు ఏ ముద్రా లేని షాంపూ 98 శాతం సహజమని చెబుతోంది. 20 కంటే 98 పెద్దది కదా, అప్పుడు షాంపూయే మేలైనదని అనుకోకూడదా?

విశ్రాంత తనిఖీదారు, నెల్లూరు

అమ్మా, ఈ సందేహం దగ్గరే చాలామంది పొరబడతారు, మీరు అడగడం మంచిదైంది.

ఆ రెండు సంఖ్యలూ వేర్వేరు విషయాలను కొలుస్తున్నాయి. సేంద్రియం అన్నది పొలానికి సంబంధించిన మాట. నీరు పొలంలో పండదు, ఉప్పు, సున్నపురాయి, బంకమన్ను పండవు, కాబట్టి వాటిని సేంద్రియమని ఎవరూ ధ్రువీకరించలేరు. ఒక క్రీములో 60 పాళ్లు నీరు, 15 పాళ్లు నూనెనూ నీటినీ కలిపి ఉంచే పదార్థాలు, 25 పాళ్లు నూనెలూ మొక్కల సారాలూ ఉన్నాయనుకోండి. ఆ 25లో 95 శాతం సేంద్రియమైతే 23.75 పాళ్లు అవుతుంది. మొత్తం మీద చూస్తే 24 శాతం కూడా లేదనిపిస్తుంది, కానీ సేంద్రియం కాగలిగినదంతా దాదాపు సేంద్రియమే అయింది. ఇందులో మోసం లేదు.

ఇక ‘సహజ మూలం’ సంగతి. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ వారి 16128 అనే మార్గదర్శకం ఉంది, దాని మొదటి భాగం 2016లో, రెండో భాగం 2017లో వచ్చాయి. పదార్థాల్లో సహజ మూలం ఎంతో లెక్కగట్టే పద్ధతిని అది చెబుతుంది. బయటివారు ఎవరూ వచ్చి తనిఖీ చేయనక్కరలేదు, కంపెనీయే లెక్క వేసుకోవచ్చు. ఆ లెక్కలో నీరు నూటికి నూరు శాతం సహజం. ఒక షాంపూలో 70 పాళ్లు నీరు, 28 పాళ్లు కొబ్బరి వంటివాటి నుంచి రసాయన ప్రక్రియల ద్వారా తయారుచేసిన పదార్థాలు, 2 పాళ్లు కృత్రిమమైనవి ఉన్నాయనుకుంటే, దాని మీద నిజాయతీగానే 98 శాతం అని వేయవచ్చు. అందులో సేంద్రియంగా పండించినది ఒక్క గ్రాము కూడా ఉండనక్కరలేదు. నీటిని తీసివేసి లెక్క వేస్తే అదే షాంపూ 93 శాతానికి దిగుతుంది. ఆ మార్గదర్శకం ప్రకారం నీటిని కలిపీ లెక్కించవచ్చు, కలపకుండానూ లెక్కించవచ్చు, కాబట్టి ఎలా లెక్కించారో పక్కన రాశారా అని చూడండి. కాస్మాస్ ముద్ర ఉన్న సరుకుల మీద కూడా సహజ మూలం శాతం ఉంటుంది, అందులోనూ నీరు కలిసే ఉంటుంది, అందుకే నేను దానికంటే సేంద్రియ శాతాన్ని ముందు చదువుతాను.

పొదలకూరు సబ్బుల తయారీదారు

నమస్కారమండి. మేము పొదలకూరులో డ్వాక్రా సంఘం సభ్యులం ఆరుగురం కలిసి నిమ్మనూనె, కొబ్బరినూనెలతో సబ్బులు చేస్తున్నాము. మా ఊళ్లో నిమ్మకు కొదవలేదు, మార్కెట్టులో ధర పడిపోయినప్పుడు కాయను కోయించే కూలి కూడా గిట్టక తోటలోనే వదిలేసే రైతులు మా కళ్లముందే ఉన్నారు, అందుకే ఈ పని మొదలుపెట్టాము. నేను చేస్తున్నది తప్పా ఒప్పా అన్నది తేల్చుకోవడానికి రాస్తున్నాను.

మేము కొనే ఒక ముడి పదార్థం డబ్బా మీద ‘కాస్మాస్ అప్రూవ్డ్’ అని ఉంది. అమ్మినాయన ఆ ముద్రను మా సబ్బు రేపరు మీద కూడా వేసుకోవచ్చని చెప్పాడు. రేపర్లు అచ్చు వేయించే ముందు మీ సలహా కావాలి. రెండోది, కొనడానికి వచ్చినవారు ‘రసాయనాలు లేవు కదా’ అని అడుగుతారు. కాస్టిక్ సోడా లేకుండా సబ్బు తయారు కాదు. నేను ఉన్నమాట చెబితే సబ్బు కింద పెట్టి వెళ్లిపోయినవారు ఉన్నారు.

విశ్రాంత తనిఖీదారు, నెల్లూరు

తల్లీ, ఆ రేపర్లు దయచేసి అచ్చు వేయించవద్దు. ‘కాస్మాస్ అప్రూవ్డ్’ అన్నది సేంద్రియం కాని ముడి పదార్థానికి ఇచ్చే ఆమోదం. దాన్ని కాస్మాస్ సరుకుల తయారీలో వాడుకోవచ్చునని మాత్రమే దానికి అర్థం. సేంద్రియ భాగం ఉన్న ముడి పదార్థాలకు ‘కాస్మాస్ సర్టిఫైడ్’ అని వేరుగా ఉంటుంది. ఈ రెండూ తయారీదారుల మధ్య వ్యవహారానికి పనికివచ్చేవి. మీ సబ్బు మీద ముద్ర పడాలంటే, మీ సూత్రాన్నీ, మీరు కొన్న ప్రతి పదార్థపు పత్రాలనూ, మీరు సబ్బు పోసే చోటునూ, మీ రేపరునూ ధ్రువీకరణ సంస్థ పరిశీలించాలి, ఏటా మళ్లీ తనిఖీ జరగాలి. విత్తనాలు ధ్రువీకరించినవని చెప్పి పంటకు ధ్రువపత్రం వచ్చినట్టు రాసుకోలేము కదా, ఇదీ అంతే.

కాస్టిక్ సోడా విషయంలో మీరు తలదించుకోవలసిన పనిలేదు. కాస్మాస్ ప్రమాణం కూడా సబ్బు తయారీలో దాన్ని అనుమతిస్తుంది. పాళ్లు సరిగ్గా కలిపి, నాలుగు నుంచి ఆరు వారాలు ఆరనిస్తే, అది నూనెతో కలిసి పూర్తిగా సబ్బుగా, గ్లిజరిన్‌గా మారిపోతుంది. ‘కెమికల్ ఫ్రీ’ అనే మాట ఏ ప్రమాణంలోనూ లేదు, నీరు కూడా రసాయనమే.

నెల్లూరు ఫార్మసిస్టు

పొదలకూరు వారికి రెండు మాటలు చేర్చాలి. మొదటిది, అమ్మకానికి సబ్బు చేస్తే సౌందర్య సాధనాల తయారీ లైసెన్సు తీసుకోవాలి, రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖకు దరఖాస్తు చేసుకోవాలి. సొంత తయారీ స్థలం లేనివారు లైసెన్సు ఉన్న మరొకరి కర్మాగారంలో చేయించుకునే రుణ లైసెన్సు పద్ధతి కూడా ఉంది. ధ్రువీకరణ గురించి ఆలోచించడం ఆ తరువాతి మెట్టు.

రెండోది, నిమ్మనూనె గురించి. తొక్కను పిండి తీసిన నిమ్మనూనెలో ఫ్యూరోకూమరిన్లు అనే పదార్థాలు ఉంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టు మచ్చలు, బొబ్బలు రావచ్చు. ఆవిరి పట్టి తీసిన నూనెలో ఈ బెడద ఉండదు. సబ్బు కడిగివేసేది కనుక ప్రమాదం తక్కువ, కానీ అదే నూనెతో ముఖానికి రాసుకునే లేపనం చేయాలని ఎవరైనా సలహా ఇస్తే, మన నెల్లూరు ఎండలను గుర్తుంచుకోండి. పూర్తిగా సేంద్రియంగా పండించిన నిమ్మ నుంచి పిండినా ఆ నూనె గుణం మారదు.

కందుకూరు విశ్రాంత ఉద్యోగి

ఇంత చర్చ చదివాక నాకు కలిగిన అభిప్రాయం చెబుతాను, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. మా అమ్మగారు జీవితమంతా సున్నిపిండి, కుంకుడుకాయలే వాడారు. వాటికి ఏ బ్రస్సెల్స్ ముద్రా అక్కరలేకపోయింది. వాటినే వాడుకుంటే ఈ అక్షరాల గొడవే ఉండదు కదా. పైగా ముద్రకు అయ్యే ఖర్చంతా చివరకు కొనేవారి మీదే పడుతుంది. పొదలకూరు సంఘం వంటి చిన్నవారు ఆ ఖర్చు భరించలేక వెనుకబడితే, పెద్ద కంపెనీలే సేంద్రియమని చెప్పుకోగలుగుతాయి. ఇది న్యాయమని నాకు అనిపించడం లేదు.

విశ్రాంత తనిఖీదారు, నెల్లూరు

మీ రెండో మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ధ్రువీకరణకు అయ్యే ఖర్చు చిన్న తయారీదారులకు నిజంగా భారమే, ముద్ర లేనంత మాత్రాన సరుకు చెడ్డదని ఎవరూ అనుకోకూడదు. ఎదురుగా కూర్చుని పెసలు, శనగలు విసిరి సున్నిపిండి చేసి ఇచ్చే మనిషిని మనకు తెలిసినప్పుడు ముద్ర అక్కరలేదు. ఎవరో తెలియని వ్యక్తి, ఎక్కడో చేసిన సరుకు దుకాణంలో చేతికి వచ్చినప్పుడు, మన తరఫున వెళ్లి చూసిన మూడో మనిషి ఒకరు కావాలి. ముద్ర చేసే పని అంతే.

కానీ సహజమైనదంతా చర్మానికి పడుతుందన్న భావన మాత్రం వదులుకోవాలి. కుంకుడు రసం కంట్లో పడితే ఎంత మండుతుందో మనకు తెలుసు. సేంద్రియ ముద్ర ఉన్న సరుకుల్లోని సుగంధ తైలాల్లో కూడా లిమొనీన్, లినలూల్ వంటివి ఉంటాయి, కొందరికి వాటితో దద్దుర్లు వస్తాయి. ఏ ముద్ర ఉన్నా, మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి ఒకటి రెండు రోజులు చూసుకున్న తరువాతే ముఖానికి వాడాలి.

కావలి గృహిణి

కుందేలు బొమ్మ ఉన్నవి కూడా చూశాను. అవి ఆర్గానిక్ కిందికి వస్తాయా?

నెల్లూరు ఫార్మసిస్టు

రావండి. ఎగిరే కుందేలు బొమ్మ ఆ సరుకును జంతువుల మీద పరీక్షించలేదని చెబుతుంది. మన దేశంలో సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడాన్ని 2014లోనే నిషేధించారు. అలాగే ఐఎస్ఓ 22716 అని ఉంటే, తయారీ స్థలంలో మంచి పద్ధతులు పాటిస్తున్నారని అర్థం, పదార్థాల మూలంతో దానికి సంబంధం లేదు. ‘ఎఫ్‌డీఏ అప్రూవ్డ్’ అని క్రీముల మీద కనిపిస్తే నమ్మవద్దు. అమెరికా సంస్థ క్రీములనూ షాంపూలనూ అమ్మకానికి ముందు పరిశీలించి ఆమోదించదు, రంగుల వంటి కొన్ని పదార్థాలకు మాత్రమే ఆ పద్ధతి ఉంది.

ఒంగోలు ఉపాధ్యాయిని

మీరందరూ ఇంత ఓపికగా వివరించినందుకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. నిన్న రాత్రి మా అమ్మాయినీ, పెళ్లికూతురినీ పక్కన కూర్చోబెట్టుకుని, భూతద్దంతో నాలుగింటినీ చదివాము.

క్రీము మీద మొత్తంలో 27 శాతం సేంద్రియమని ఉంది. జాబితాలో చుక్క గుర్తు పెట్టిన నూనెల పేర్లకు, అవి సేంద్రియ వ్యవసాయం నుంచి వచ్చినవని కింద వివరణ ఉంది. కాస్మాస్ వారి వెబ్‌సైటులోని జాబితాలో వెతికితే ఆ క్రీము పేరు కనిపించింది. అదే కంపెనీ షాంపూ పేరు ఆ జాబితాలో లేదు. షాంపూ వెనుక నీటి తరువాత రెండో పదార్థం సోడియం లారెత్ సల్ఫేట్, చివర్లో ఫినాక్సీ ఇథనాల్, దాని తరువాత కలబంద, ఉసిరి. అయినా దుకాణంలో ఆ రెండింటినీ ఒకే అట్టపెట్టెలో పెట్టి, పెట్టె మీద ‘సర్టిఫైడ్ ఆర్గానిక్ జంట’ అని రాసి అమ్మారు. క్రీముకు వచ్చిన ముద్రను షాంపూకు కూడా పులిమారన్నది ఇప్పుడు నాకు స్పష్టంగా అర్థమైంది. గోరింటాకు పొడి జాబితాలో ఒక్క గోరింటాకే ఉంది, హెచ్చరిక వాక్యమేదీ లేదు, అయినా పెళ్లికూతురి మోచేతికి రాసి చూస్తున్నాము.

ఆ అట్టపెట్టె ఫొటోలతో కంపెనీకి ఉత్తరం రాశాను. షాంపూకు ఏ సంస్థ ధ్రువపత్రం ఇచ్చింది, దాని సంఖ్య ఎంత అని రెండే ప్రశ్నలు అడిగాను. సమాధానం రాగానే ఇక్కడ ఉన్నదున్నట్టు పెడతాను.

నెల్లూరు ఫార్మసిస్టు

మంచి పని చేశారమ్మా. 2024 అక్టోబరు 15న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ పర్యావరణపరమైన తప్పుడు ప్రకటనల నివారణకు మార్గదర్శకాలు జారీ చేసింది. ‘సహజం’, ‘సేంద్రియం’, ‘శుద్ధం’ వంటి మాటలు వాడేవారు వాటికి తగిన ఆధారం చూపాలని అందులో ఉంది. కంపెనీ సమాధానం ఇవ్వకపోయినా, సరిగ్గా ఇవ్వకపోయినా, జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు. బిల్లు, అట్టపెట్టె, షాంపూ సీసా మూడూ పారవేయకుండా ఉంచండి, బ్యాచ్ సంఖ్య కనిపించేలా మరొక ఫొటో తీసి పెట్టుకోండి.

పొదలకూరు సబ్బుల తయారీదారు

మేము రేపరు మాటలు మార్చాము. ‘కొబ్బరినూనె, ఆవిరి పట్టి తీసిన నిమ్మనూనె, నీరు, కాస్టిక్ సోడాలతో పొదలకూరులో చేసిన సబ్బు’ అని రాయిస్తున్నాము. ముద్ర ఏదీ వేయడం లేదు. లైసెన్సు వచ్చేదాకా అమ్మకం ఆపి, దరఖాస్తుకు కావలసిన కాగితాలు సిద్ధం చేసుకుంటున్నాము. మాకు నిమ్మకాయలు ఇచ్చే రైతు తన తోటను సేంద్రియంలోకి మార్చుకుంటానని అంటున్నారు. మార్పిడి కాలం మూడేళ్లు అని దర్శి రైతుగారు రాశారు కదా, ఆ మూడేళ్లలో ఆయన ఏ పుస్తకాలు, ఏ రికార్డులు రాసి ఉంచుకోవాలో ఆయనే చెబితే మేలు.

దర్శి రైతు

తప్పకుండా చెబుతానమ్మా. మొదటి రోజు నుంచి పొలం డైరీ రాయమనండి. ఏ తేదీన ఏమి చల్లారు, ఎంత చల్లారు, ఎక్కడ కొన్నారు, పక్క పొలంలో మందు కొట్టినప్పుడు గట్టు మీద ఎంత దూరం వదిలారు, ఏ రోజు ఎన్ని బస్తాల కాయ ఎవరికి ఇచ్చారు, అన్నీ ఉండాలి. రసీదులన్నీ ఒక సంచిలో వేసి ఉంచమనండి. మా డైరీలో నాలుగు పేజీలు ఫొటో తీసి రేపు ఇక్కడ పెడతాను.